విటమిన్ ఈ బిళ్లల వల్ల మెదడులో రక్తస్రావం అవుతుందా? మా మామయ్యగారి గురించి అడుగుతున్నాను

అరండల్‌పేట కోడలు (ఆదివారం, రాత్రి 10:15)

నమస్కారమండీ. ఇన్నాళ్లూ ఇక్కడ మీరు రాసేవి చదవడమే తప్ప నేనెప్పుడూ రాయలేదు. ఈ రోజు రాయకుండా ఉండలేకపోతున్నాను.

మాది గుంటూరు. మా మామయ్యగారికి 67 ఏళ్లు. పోయిన మంగళవారం పొద్దున వరండాలో కూర్చుని పేపరు చదువుతూ కాఫీ తాగుతున్నారు. నేను ముగ్గు వేసి లోపలికి వస్తుంటే ఆయన ఎడమ చేతిలో గ్లాసు మెల్లగా పక్కకి వాలిపోతోంది. వేడి కాఫీ పంచె మీద ధారగా పడుతోంది. ఆయన మాత్రం పేపరు వంకే చూస్తున్నారు. "మామయ్యా, కాఫీ!" అన్నాను. నా వైపు తిరిగి ఏదో చెప్పబోయారు, మాట ముద్దగా వచ్చింది. వెంటనే 108కి ఫోన్ చేశాం. కొత్తపేటలో ఒక ఆస్పత్రిలో సీటీ తీసి మెదడులో రక్తస్రావం అయిందన్నారు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. నిన్న ఐసీయూ నుంచి రూముకి మార్చారు. మాట కొంచెం తేటపడింది.

నేను అడగాలనుకున్నది ఇది. ఆయనకి పదేళ్లుగా బీపీ ఉంది. గుండెకి మంచిదని ఎప్పటినుంచో రోజూ ఆస్పిరిన్ 75 వేసుకుంటారు. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయని మూడేళ్ల కిందట ఎవరో చెబితే విటమిన్ ఈ 400 క్యాప్సూల్ మొదలుపెట్టారు. ఆకుపచ్చగా, మెత్తగా ఉంటుందే, అది. నెలనెలా షాపు నుంచి తెచ్చేది నేనే. రాత్రి భోజనం అయ్యాక మంచినీళ్ల గ్లాసుతో పాటు చేతిలో పెట్టేదీ నేనే.

మొన్న మా ఆడపడుచుకి వాట్సాప్‌లో ఏదో వచ్చిందట, విటమిన్ ఈ వేసుకుంటే మెదడులో నరాలు చిట్లుతాయని. ఆస్పత్రి కారిడార్లో అందరి ముందూ "నువ్వు తెచ్చిన బిళ్లలే నాన్నని ఇలా పడేశాయి" అంది. కన్నతండ్రి, ఆమె బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. నిజంగా వాటి వల్లేనా? తెలిసినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నన్ను ఓదార్చడానికి మాత్రం చెప్పొద్దు.

మిర్చియార్డు బాబాయ్ (రాత్రి 10:40)

అమ్మా, ముందు నువ్వు ధైర్యం తెచ్చుకో. వాట్సాప్‌లో వచ్చిందల్లా నమ్మితే మనం మంచినీళ్లు కూడా తాగలేం. నేను ఆ పచ్చ బిళ్ల తొమ్మిదేళ్లుగా వేసుకుంటున్నాను. నాకు 61. ఇప్పటికీ యార్డులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడే ఉంటాను. విటమిన్ అంటే తిండిలో ఉండేదే కదా, విషం కాదు. నీ తప్పేమీ లేదు.

మందుల షాపు, గవర్నర్‌పేట (రాత్రి 11:05)

అమ్మా, నేను విజయవాడలో 22 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. మీ మామయ్యగారికి ఎందువల్ల అయిందో చెప్పగల చదువు నాకు లేదు, అది డాక్టరుగారే చెప్పాలి. కానీ బాబాయ్‌గారు "తిండిలో ఉండేదే" అన్నారు చూశారూ, అక్కడ నాకు తెలిసింది చెబుతాను.

పెద్దవాళ్లకి రోజుకి కావలసిన విటమిన్ ఈ 15 మిల్లీగ్రాములు. పెద్ద చెంచాడు పొద్దుతిరుగుడు నూనెలో సుమారు 5 ఉంటుంది. వేరుశనగ గుళ్లు 100 గ్రాములు తింటే 8 దాకా వస్తుంది. రోజూ తాలింపులు, వేపుళ్లు, పల్లీ చట్నీ తినే ఇంట్లో ఇది తక్కువ కావడం అరుదు. ఇక ఆ క్యాప్సూల్ మీద ఉండే అంకె 400. అందులో ఎక్కువగా ఉండేది ఫ్యాక్టరీలో చేసిన రకం, మన ఒంటికి పనికొచ్చేది దాంట్లో సగం కన్నా తక్కువే. అలా తగ్గించి లెక్కేసుకున్నా 180 మిల్లీగ్రాములు. అంటే రోజుకి కావలసిన దానికి పన్నెండు రెట్లు. తిండితో ఆ మోతాదుకి చేరాలంటే నూనె గ్లాసులతో తాగాలి.

మా షాపుకి వచ్చి ఇది అడిగే పదిమందిలో తొమ్మిదిమంది చేతిలో చీటీ ఉండదు. జుట్టు ఊడుతోందని, మొహం మెరవాలని, పిక్కలు లాగుతున్నాయని అడుగుతారు. మొహానికి పూసుకునేవాళ్ల సంగతి వేరు. మింగేవాళ్లని "ఇంకేం మందులు వాడుతున్నారు?" అని నేనూ అడిగేవాణ్ని కాదు. నాలుగేళ్ల నుంచి అడుగుతున్నాను. రక్తం పలచబడే బిళ్ల ఏదైనా వాడుతున్నామంటే డాక్టరుకి చెప్పి రమ్మంటాను. కొందరు కోపగించుకుని పక్క షాపుకి వెళ్తారు, అయినా సరే.

లెక్కల మాస్టారు, సత్యనారాయణపురం (సోమవారం, ఉదయం 6:20)

అమ్మాయ్, ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నావు. నేను డాక్టర్ని కాను, కాలేజీలో ముప్పై ఏళ్లు గణాంకశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. మా తమ్ముడికి పక్షవాతం వచ్చినప్పుడు ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను.

నీ ఆడపడుచుకి వచ్చిన మెసేజ్ పూర్తిగా కట్టుకథ కాదు. దాని వెనక 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పెద్ద లెక్క ఉంది. అంతకుముందు జరిగిన తొమ్మిది ప్రయోగాలను కలిపి చూశారు, మొత్తం 1,18,765 మంది. సగం మందికి విటమిన్ ఈ, మిగతా సగానికి ఉత్తుత్తి బిళ్ల. ఎవరికి ఏది వెళ్లాలో చీటీలు తీసినట్టు నిర్ణయిస్తారు కాబట్టి వీటికి విలువ ఎక్కువ. విటమిన్ ఈ వేసుకున్నవాళ్లలో మెదడులో రక్తనాళం చిట్లి వచ్చే పక్షవాతం 22 శాతం ఎక్కువ కనిపించింది. రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతం 10 శాతం తగ్గింది.

"22 శాతం" వినగానే గుండె జారుతుంది. నా విద్యార్థులకి చెప్పినట్టే నీకూ చెబుతాను: శాతం వినపడగానే "దేంట్లో?" అని అడగాలి. ఈ రక్తస్రావం అసలే తక్కువమందికి వస్తుంది. ఆ తక్కువలో 22 శాతం పెరిగింది. మనుషుల లెక్కలో చెప్పాలంటే 1,250 మంది విటమిన్ ఈ వేసుకుంటే వాళ్లలో ఒక్కరికి అదనంగా రక్తస్రావం అయింది. మరోపక్క 476 మందికి ఒకరి చొప్పున గడ్డ పక్షవాతం తప్పింది. రకాలు విడదీయకుండా పక్షవాతాలన్నీ కలిపి చూసిన లెక్కలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

కాబట్టి నీ ప్రశ్నకి గణితం ఇచ్చే జవాబు ఇది. లక్షమందిలో ఎంతమందికి పెరుగుతుందో చెప్పగలం. ఫలానా మనిషికి ఫలానా మంగళవారం అందువల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. అవునని మీ ఆడపడుచూ, కాదని బాబాయ్‌గారూ చెప్పలేరు. తొమ్మిదేళ్లు తనకేమీ కాలేదని ఆయన అంటున్నారు. 1,250 మందిలో 1,249 మంది అనే మాట అదే.

మిర్చియార్డు బాబాయ్ (ఉదయం 7:05)

మాస్టారూ, మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ మీ లెక్క ప్రకారమే తప్పినవాళ్లు ఎక్కువ, వచ్చినవాళ్లు తక్కువ కదా. మరి వేసుకోవడమే మంచిదని ఎందుకు అనకూడదు? వాదించడానికి అడగడం లేదు, నా కోసమే అడుగుతున్నాను.

పీజీ, జనరల్ మెడిసిన్ (ఉదయం 8:50)

బాబాయ్‌గారూ, సరైన ప్రశ్న అడిగారు. నైట్ డ్యూటీ దిగి రాస్తున్నాను, తప్పులుంటే క్షమించండి.

ఈ రెండు పక్షవాతాల తూకం ఒకటి కాదు. రక్తనాళం చిట్లే రకం వచ్చినప్పుడు ప్రాణం మీదకి రావడం ఎక్కువ, కోలుకోవడం కష్టం. గడ్డ పక్షవాతాన్ని ఆపడానికి ఇంతకన్నా గట్టి దారులు మన దగ్గరున్నాయి: బీపీ అదుపు, షుగరు అదుపు, అవసరమైనవాళ్లకి కొలెస్టరాల్ మందు, పొగ మానడం. అవి ఉండగా ఈ బిళ్లతో వచ్చే చిన్న లాభం కోసం ఆ ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకోవడం ఎందుకు? అమెరికాలో ఇలాంటివి తేల్చే నిపుణుల సంఘం ఉంది. గుండెజబ్బు, క్యాన్సర్ రాకుండా విటమిన్ ఈ వేసుకోవద్దని 2022లో స్పష్టంగా చెప్పింది.

రక్తస్రావం ఎలా పెరుగుతుందో అక్క కోసం చెబుతాను. గాయమైనప్పుడు రక్తం ఆగాలంటే రెండు పనులు జరగాలి. రక్తంలో ఉండే ప్లేట్‌లెట్లు అనే చిన్న కణాలు ఒకదానికొకటి అంటుకోవాలి, తరవాత గడ్డ బిగుసుకోవాలి. బిగుసుకోవడానికి విటమిన్ కె కావాలి. 1930ల్లో డెన్మార్క్‌లో హెన్రిక్ డామ్ అనే ఆయన కొవ్వు తీసేసిన దాణా పెట్టిన కోడిపిల్లలకి చర్మం కింద రక్తం కారడం చూసి ఆ విటమిన్ని కనిపెట్టారు. గడ్డకట్టడానికి వాళ్ల భాషలో ఉన్న మాట కె అక్షరంతో మొదలవుతుంది, ఆ పేరు అలా వచ్చింది. 1943 నోబెల్ బహుమతి అందుకే ఇచ్చారు. ఎక్కువ మోతాదులో విటమిన్ ఈ ఆ కె పనికి అడ్డం పడుతుంది, ప్లేట్‌లెట్ల జిగురునీ తగ్గిస్తుంది. ఆస్పిరిన్ చేసేదీ ప్లేట్‌లెట్ల మీదే. అంటే రెండూ ఒకే దిక్కుకి లాగుతాయి.

ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద పెద్ద ప్రయోగం జరిగింది. ఫలితాలు 1994లో వచ్చాయి. వాళ్లకిచ్చిన విటమిన్ ఈ రోజుకి 50 మిల్లీగ్రాములే. అయినా ఆ గుంపులో మెదడు రక్తస్రావం చావులు ఎక్కువ కనిపించాయి. తరవాత విడదీసి చూస్తే మెదడు పైపొరల్లో అయ్యే రక్తస్రావం బీపీ ఉన్నవాళ్లలోనే పెరిగింది, బీపీ లేనివాళ్లలో ఆ తేడా కనపడలేదు. అదే ప్రయోగంలో కొందరి చిగుళ్లు పరీక్షించారు. ఆస్పిరిన్, విటమిన్ ఈ రెండూ వేసుకునేవాళ్లకి చిగుళ్ల నుంచి రక్తం రావడం ఎక్కువగా ఉంది.

అక్కా, ఒక విషయం చెప్పండి. మీ మామయ్యగారికి రక్తస్రావం మెదడులో ఎక్కడ అయిందన్నారు? వచ్చేసరికి బీపీ ఎంత ఉంది?

అరండల్‌పేట కోడలు (ఉదయం 11:30)

తమ్ముడూ, సీటీ ఫిల్ము మావారు కిటికీ వెలుగుకి పెట్టి చూపించారు. నల్లటి దాంట్లో మధ్యకి దగ్గరగా, లోపల, చింతగింజంత తెల్లటి మచ్చ. డాక్టరుగారు "లోపలి భాగంలో అయింది" అన్నారు. చేర్చుకున్నప్పుడు బీపీ 210/120 అని కేస్ షీట్‌లో రాశారు.

మీరు చిగుళ్ల మాట రాశాక ఒళ్లు జలదరించింది. దసరా అప్పటినుంచి మామయ్య పళ్లు తోముకుంటే వాష్‌బేసిన్లో ఎర్రగా ఉమ్మేవారు. అత్తయ్య "బ్రష్షు గట్టిదైంది" అని మెత్తటిది తెప్పించారు. అంతటితో వదిలేశాం.

ఇంకోటి కూడా చెప్పాలి. ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరు "రోజూ ఏం మందులు వాడతారు?" అని అడిగితే బీపీ బిళ్ల, ఆస్పిరిన్ అని చెప్పాను. పచ్చ బిళ్ల చెప్పలేదు. దాచాలని కాదు. అది మందని నాకు తోచనే లేదు.

కొత్తపేట సిస్టర్ (మధ్యాహ్నం 2:10)

అమ్మా, నేను గుంటూరులో న్యూరో వార్డులో పనిచేస్తాను. పద్నాలుగేళ్లయింది. మీరు చివర రాసిన మాట మాకు రోజూ వినపడుతుంది. "ఏం మందులు వాడుతున్నారు?" అంటే బీపీ, షుగరు చెబుతారు. విటమిన్లు, ఆయుర్వేదం, ఆర్‌ఎంపీ ఇచ్చిన పొట్లాలు, కొడుకు పంపిన చేపనూనె, ఇవేవీ చెప్పరు. నేను ప్రశ్న మార్చుకున్నాను. "పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా నోట్లో వేసుకునేవన్నీ చెప్పండి, బలానికి వేసుకునేవి కూడా" అంటాను. అప్పుడు బయటికి వస్తాయి. ఈరోజే రౌండ్స్‌లో డాక్టరుగారికి విటమిన్ ఈ సంగతి చెప్పేయండి. ఇప్పుడు చెప్పినా ఆలస్యం కాలేదు, ముందు ముందు ఆస్పిరిన్ ఉంచాలా వద్దా అనే నిర్ణయానికి అది ఆయనకి కావాలి.

ఇప్పుడు మీ మనసుకి తగిలే ప్రశ్న ఒకటి అడుగుతాను, ఏమనుకోవద్దు. 210/120 అన్నారు. మెదడు లోపలి భాగంలో చిట్లడం చాలాసార్లు ఏళ్ల తరబడి ఉన్న బీపీ చేసే పని. సన్నటి రక్తనాళాలు ఆ ఒత్తిడికి అరిగి అరిగి ఒకరోజు పగులుతాయి. ఆయన బీపీ బిళ్ల రోజూ వేసుకుంటున్నారా? "వేసుకుంటారు" అనొద్దు. ఇంటికెళ్లి స్ట్రిప్పు చూడండి.

ఇది చదివే మిగతావాళ్లకి ఒక్క మాట. ఎవరికైనా ఇలా మూతి వంకరపోయినా, చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా ఇంట్లో ఆస్పిరిన్ వెయ్యకండి. గడ్డో, రక్తస్రావమో సీటీ తీసేదాకా మాకే తెలియదు. రక్తస్రావమైతే ఆ బిళ్ల ఇంకా ముంచుతుంది. గడ్డ అయితే దాన్ని కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే సమయం. టైము చూసుకుని బయల్దేరండి. ఈ అమ్మాయి నిమిషం ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోన్ చేసింది, అది గుర్తుపెట్టుకోండి.

వాల్వు మార్చిన అన్నపూర్ణ (మధ్యాహ్నం 3:35)

నాకు గుండెలో కృత్రిమ వాల్వు ఉంది. రక్తం గడ్డకట్టకుండా రోజూ బిళ్ల వేసుకోవాలి, నెలకోసారి ఐఎన్‌ఆర్ పరీక్ష, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసేది, ఆ అంకె పెరిగితే రక్తం మరీ పలచబడినట్టు. నాకు 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. రెండేళ్ల కిందట ఒకసారి 5 దాటింది. డాక్టరుగారు "మీ వంటింట్లో, బీరువాలో ఉన్న డబ్బాలన్నీ సంచిలో వేసుకు రండి" అన్నారు. నీరసానికని వేసుకుంటున్న విటమిన్ ఈ, ఒక పౌడరు, కీళ్లకని ఎవరో ఇచ్చిన పసరు, అన్నీ బయటపడ్డాయి. అదే నెలలో నేను ఆకుకూరలు కూడా పూర్తిగా మానేశాను, ఎవరో తినకూడదన్నారని. దేనివల్ల పెరిగిందో ఆయన తేల్చి చెప్పలేదు, అన్నీ ఆపించి మళ్లీ సరిచేశారు.

ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది. మానొద్దన్నారు, ఒక వారం గోంగూర పప్పు, పాలకూర రోజూ తిని మరో వారం అసలు ముట్టకపోవడమే ప్రమాదమట. ఎప్పుడూ ఒకే తీరుగా తినాలి. గుంటూరులో పుట్టి గోంగూర మానమంటే ఎలా అని ఏడ్చినంత పని చేశాను, ఆ మాట విన్నాక ప్రాణం లేచొచ్చింది.

పటమట అబ్బాయి, డల్లాస్ (రాత్రి 8:00)

ఇది చదివి అమ్మకి వీడియో కాల్ చేశాను. నేను ఏటా ఇండియాకి వచ్చేటప్పుడు సూట్‌కేసు నిండా విటమిన్ డబ్బాలు తెచ్చి పెడతాను. ప్రేమతోనే తెచ్చాను. డబ్బాలన్నీ కెమెరా ముందు ఒక్కొక్కటి తిప్పించి వెనక లేబుల్ చదివాను. మల్టీవిటమిన్‌లో ఈ ఉంది. జుట్టు డబ్బాలో ఉంది. కళ్లకని ఇచ్చిన దాంట్లో ఒక్కదాంట్లోనే 400 యూనిట్లు. జ్ఞాపకశక్తికని పంపిన దాంట్లో గింకో అనే చెట్టు ఆకు రసం. ఇవి కాక చేపనూనె. అమ్మకి స్టెంటు వేసి ఏడాదిన్నర అయింది, రక్తం పలచబడే బిళ్లలు రెండు వాడుతోంది. ఈ డబ్బాల సంగతి ఆమె కార్డియాలజిస్టుకి నేనెప్పుడూ చెప్పలేదు.

రేపు నాన్న అన్నీ తీసుకుని డాక్టరు దగ్గరకి వెళ్తున్నారు. స్టెంటు బిళ్లలు మాత్రం ఒక్క పూట కూడా ఆపొద్దని గట్టిగా చెప్పాను.

పీజీ, జనరల్ మెడిసిన్ (రాత్రి 9:15)

అన్నయ్యా, చివరి వాక్యం రాసినందుకు మీకు దండం. ఇది చదివి ఎవరూ డాక్టరిచ్చిన ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వాల్వు బిళ్లలు సొంతంగా ఆపకండి. ఆపితే స్టెంటు మూసుకుపోవచ్చు, వాల్వు బిగుసుకుపోవచ్చు.

విటమిన్ ఈ డాక్టరే రాసిచ్చిన సందర్భాలూ ఉన్నాయి. షుగరు లేనివాళ్లలో ఫ్యాటీ లివర్ ముదిరినప్పుడు 800 యూనిట్లు ఇస్తే కాలేయం వాపు తగ్గిందని 2010లో ఒక మంచి ప్రయోగం వచ్చింది. వయసు మీద పడి కంటి మధ్య చూపు పోయే జబ్బులో కూడా కొందరికి ఇస్తారు. అలా రాసిస్తే వేసుకోండి. అయితే బీపీ ఎంతో, ఇంకేం మందులున్నాయో ఆ డాక్టరుకి తెలియాలి. రక్తస్రావం చరిత్ర ఉంటే తప్పకుండా చెప్పాలి.

జుట్టు సమస్య, మంగళగిరి (రాత్రి 9:40)

మరి జుట్టుకని వేసుకునే బయోటిన్ విటమిన్ కూడా ఇలాంటిదేనా?

మందుల షాపు, గవర్నర్‌పేట (రాత్రి 9:55)

దానివల్ల రక్తస్రావం అని నేను వినలేదమ్మా. కానీ ఎక్కువ మోతాదు బయోటిన్ థైరాయిడ్ పరీక్షనీ, గుండెపోటుకి చేసే ట్రోపోనిన్ పరీక్షనీ తప్పుగా చూపించవచ్చు. రక్తం ఇచ్చేముందు ల్యాబులో చెప్పండి.

లెక్కల మాస్టారు, సత్యనారాయణపురం (మంగళవారం, ఉదయం 6:10)

విటమిన్లన్నీ చెడ్డవనే భావం ఎవరికీ కలగకూడదని ఇంకొక లెక్క రాస్తున్నాను. చైనాలో 20,702 మంది బీపీ రోగులకి ఒక సగానికి బీపీ బిళ్ల, మరో సగానికి అదే బీపీ బిళ్లతో పాటు ఫోలిక్ యాసిడ్ అనే బి విటమిన్ 0.8 మిల్లీగ్రాములు ఇచ్చారు. 2015లో ఫలితాలు వచ్చాయి. మొదటిసారి పక్షవాతం బీపీ బిళ్ల ఒక్కటే వేసుకున్నవాళ్లలో 3.4 శాతానికి, రెండూ వేసుకున్నవాళ్లలో 2.7 శాతానికి వచ్చింది. అక్కడి తిండిలో ఫోలిక్ యాసిడ్ కలపరు, కలిపే దేశాల్లో అంత లాభం ఉండకపోవచ్చు. ఈ ఫోలిక్ యాసిడ్‌ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన్ని తలుచుకోకుండా విటమిన్ల గురించి రాయడం నాకు చేతకాదు.

ఏ విటమిన్, ఎవరికి, ఎంత అన్నదే మొత్తం సంగతి. అమెరికాలో 14,641 మంది మగ డాక్టర్లు ఎనిమిదేళ్లు తమ మీదే ప్రయోగం చేయించుకున్నారు. రోజు విడిచి రోజు 400 యూనిట్ల విటమిన్ ఈ. వేసుకున్నవాళ్లలో 39 మందికి మెదడు రక్తస్రావం, ఉత్తుత్తి బిళ్ల వాళ్లలో 23 మందికి. గుండెకి మేలు మాత్రం కనపడలేదు. అది 2008 మాట.

అరండల్‌పేట కోడలు (మంగళవారం, రాత్రి 11:20)

సిస్టర్‌గారూ, మీరు చెప్పినట్టే ఇంటికెళ్లి చూశాను.

మామయ్య మందులు పాత బిస్కెట్ల రేకు డబ్బాలో ఉంటాయి. మూత తీస్తే పైన పచ్చ బిళ్లల స్ట్రిప్పు, ఒక్కటే మిగిలి ఉంది. ఆస్పిరిన్ కూడా దాదాపు అయిపోయింది. అడుగున బీపీ బిళ్లల స్ట్రిప్పులు నాలుగు. మూడు అసలు విప్పనే లేదు. నాలుగోదాంట్లో పదిహేనుకి పన్నెండు ఉన్నాయి. వెనక ధర పక్కన షాపువాళ్లు పెన్నుతో రాసిన తేదీ చూస్తే మూడు నెలల కిందటిది.

ఈ పూట పక్కన కూర్చుని మెల్లగా అడిగాను. "బీపీ నార్మల్‌కి వచ్చిందని చెప్పారుగా అమ్మా, ఇంకెందుకు, అలవాటైపోతుందని మానేశా" అన్నారు. బీపీ బిళ్ల పొద్దున ఆయనే వేసుకుంటారు, దాన్ని నేనెప్పుడూ పట్టించుకోలేదు. రాత్రి బిళ్ల మాత్రం ఒక్కరోజు కూడా తప్పకుండా నేనే ఇచ్చాను. మానెయ్యాల్సింది చేతిలో పెట్టాను, చేతిలో పెట్టాల్సింది వదిలేశాను.

డాక్టరుగారికి అన్నీ చెప్పాను. ఆయన కోప్పడలేదు. "అసలు కారణం బీపీయే అయ్యుంటుంది, మిగతా రెండూ రక్తం త్వరగా ఆగకుండా చేసి ఉండొచ్చు, అంతకన్నా చెప్పలేను" అన్నారు. విటమిన్ ఈ పూర్తిగా ఆపమన్నారు. గుండెజబ్బేమీ లేకుండానే ఆస్పిరిన్ వాడుతున్నారు కాబట్టి అదీ ఇక వద్దన్నారు.

కొత్తపేట సిస్టర్ (బుధవారం, ఉదయం 5:45)

అమ్మా, నార్మల్‌కి వచ్చింది బిళ్ల వేసుకోవడం వల్లనే అని ఆయనకి ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఆ మాట చెప్పాల్సింది మాలాంటివాళ్లం. డిశ్చార్జి రోజు గబగబా కాగితం చేతిలో పెట్టి పంపించేస్తాం. మీ ఒక్కరి మీదే వేసుకోకండి.

ఆమె ఆడపడుచు (బుధవారం, మధ్యాహ్నం 1:00)

వదిన ఇక్కడ రాసిందని అన్నయ్య చెబితే మొత్తం చదివాను. కారిడార్లో నేనన్న మాట నేను అనకూడనిది. హైదరాబాద్ నుంచి రోజూ నాన్నకి ఫోన్ చేసేదాన్ని. "అన్నం తిన్నావా?" అని అడిగేదాన్ని. "బీపీ బిళ్ల వేసుకున్నావా?" అని పదేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. వదినకి మొహం మీదే చెప్పాను, మీ అందరి ముందూ చెప్పాలని రాస్తున్నాను. ఆ మెసేజ్ పంపిన గ్రూపులో మాస్టారుగారి లెక్క కూడా పెట్టాను.

మిర్చియార్డు బాబాయ్ (బుధవారం, రాత్రి 9:30)

అమ్మా, యార్డు నుంచి వస్తూ దారిలో బీపీ చూపించుకున్నాను. 168/100. చాలా ఏళ్ల తరవాత చూపించుకోవడం ఇదే. రెండుసార్లు చూశారు, రెండోసారీ అంతే. రేపు డాక్టరు దగ్గరకి వెళ్తున్నాను. మా ఇంటిది అన్నంలోకి పచ్చడి, మజ్జిగలోకి ఊరమిరపకాయ రెండూ పక్కన పెట్టేసింది. రోజుకి ఉప్పు మొత్తం 5 గ్రాములు దాటకూడదట. నాకు అది ఒక్క పూట పచ్చడితోనే అయిపోతుంది. పచ్చ బిళ్ల ఆపేశాను. మీ మామయ్యగారి కథ నాకు పనికొచ్చింది తల్లీ, ఆయన త్వరగా లేచి నడవాలి.

అరండల్‌పేట కోడలు (మూడు వారాల తరవాత, ఆదివారం సాయంత్రం)

అందరికీ నమస్కారం. మామయ్య ఇంటికొచ్చి పది రోజులైంది. ఫిజియోథెరపీ అబ్బాయి రోజూ వస్తున్నాడు. నిన్న కర్ర పట్టుకుని వరండా దాకా నడిచారు. ఎడమ చేత్తో మెత్తటి బంతి నొక్కుతున్నారు, చూపుడువేలు ఇంకా ముడవడం లేదు. బీపీ పొద్దునా రాత్రీ చూసి పాత క్యాలెండర్ అట్ట వెనక రాస్తున్నాం. నిన్న పొద్దున 132/82. మందుల జాబితా మా ఆడపడుచు రాసింది, నేను ఫ్రిజ్ తలుపుకి అతికించాను.

ఒక సందేహం. రాత్రి మామయ్య "ఆ పచ్చ బిళ్ల ఏదమ్మా, పిక్క లాగుతోంది" అన్నారు. ఇక వెయ్యకూడదని చెప్పాను. చిన్నపిల్లాడిలా మొహం పెట్టారు. పిక్కలకి ఏం చెయ్యను?

కొత్తపేట సిస్టర్ (రాత్రి 8:20)

విటమిన్ ఈ పిక్కలకి పనిచేస్తుందని గట్టి రుజువేమీ లేదమ్మా. పడుకునే ముందు కాలు చాపించి, పాదాన్ని మెల్లగా ఆయన వైపుకి వంచి అరనిమిషం పట్టుకోండి, మూడుసార్లు. పడిపోయిన కాలికి మాత్రం ఫిజియోథెరపీ అబ్బాయిని అడిగి చెయ్యండి. ఒక కాలే వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే అది వేరే సంగతి, వెంటనే ఆస్పత్రికి రండి. బీపీ బిళ్లలో మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు ఉంటే పొటాషియం తగ్గి కూడా పిక్కలు పడతాయి. రివ్యూలో తప్పకుండా అడగండి.

అరండల్‌పేట కోడలు (రాత్రి 8:45)

వాపు లేదు సిస్టర్, రెండు కాళ్లూ పట్టి చూశాను. బుధవారం రివ్యూ. రేకు డబ్బా మొత్తం పట్టుకెళ్తున్నాను. అత్తయ్య మోకాళ్లకి వాడే పసరు సీసా కూడా అందులోనే పెట్టాను, ఆవిడకీ బీపీ ఉంది.